సున్నం వేసిన దీవి

ఉమ్ అల్ క్వైన్,
2023 ఏప్రిల్ 25, మంగళవారం.

శ్రీమతి జాయ్స్ శాంతరాజుకు,

ప్రభువు నామమున శుభములు కోరి దయాకుమారి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమము. అక్కడ నీవు క్షేమముగా లేవని నీ ఉత్తరమే చెప్పినది గనుక, మర్యాదకు సైతం ఆ ప్రశ్న వేయడం లేదు. పైన ‘చెల్లీ’ అన్న పిలుపు లేకపోవడం చూసి, పెద్దతనం వల్ల మరచిపోయానని అనుకోవద్దు. డెబ్బై మూడేళ్ళ వయసులో నాకు తుంటి సహకరించడం లేదు గాని, జ్ఞాపకం సహకరిస్తూనే ఉన్నది.

నీ కూతురు సోనీ నా ఫోనుకు పంపిన గొంతు సందేశాలు నేను వినలేదు. ఒకరి ఏడుపును చెవికి ఆనించుకుని వినే అలవాటు నాకు లేదు. తరువాత నీవు కాగితం మీద వ్రాయగా ఆ అమ్మాయి ఫొటో తీసి పంపిన ఉత్తరం మాత్రం చదివాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. వ్రాసినదానికి జవాబు వ్రాయడం నా ధర్మం.

నీవు కోరినది ఇది. నీ భర్త శాంతరాజు రెండు వారాలుగా ఇక్కడి పోలీసు స్టేషనులో ఉన్నాడు. ఫైలు కోర్టుకు చేరితే జైలు తప్పదని, ఆ తరువాత ఈ గల్ఫు దేశంలో మళ్ళీ అడుగు పెట్టనివ్వరని నీకెవరో చెప్పారు. కనుక నేను పురావస్తు శాఖ కార్యాలయానికి వెళ్ళి, ఈయన మా చెల్లెలి భర్త, మా వైపు ఈస్టరుకు సమాధులకు సున్నం వేయడం ఆచారం, తెలియక చేశాడు, ఇక మీద నాది పూచీ అని చెప్పాలి. ఒక్క మాటే కదా అక్కా అని మూడు చోట్ల వ్రాశావు. మూడవసారి వ్రాసేటప్పటికి అది వేడుకోలుగా లేదు, దబాయింపుగా ఉన్నది.

జవాబుకు ముందు, జరిగినది జరిగినట్టు తెలుసుకో. నీకు చేరిన కథలు పడవ నడిపే జమీర్ చెప్పినవో, క్యాంపులో వాళ్ళు అల్లినవో అయి ఉంటాయి.

కరోనా వచ్చిన ఏడాది వేసవిలో నీవు నాకు ఫోను చేశావు. నీ పెళ్ళి నాటి నుండి వినని గొంతును ముప్పై ఏళ్ళు దాటాక విన్నాను. ఆ గొంతు అక్కా ఎలా ఉన్నావు అనలేదు. ఆయనకు తిండి లేదు అన్నది. ఇండస్ట్రియల్ ఏరియాలో శాంతరాజు మేస్త్రీగా పనిచేసే కంపెనీ మూతపడింది, వీసా ఇచ్చిన కఫీల్ ఫోను ఎత్తడం లేదు, ఒకే గదిలో పదిమంది పడుకుంటున్నారు, వాళ్ళలో ఇద్దరికి జ్వరం. ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పావు. అప్పుడు నేను నిన్ను ఏమీ అనలేదు. నీవు సమాధుల తోట కాపలాదారు కొడుకుతో వెళ్ళిపోయాక నాన్నగారు మూడు రోజులు భోజనం ముట్టలేదని గుర్తు చేయలేదు. మిషన్ హైస్కూలు హెడ్‌మాస్టరు ఐజక్ గారి ఇంట ఇక ఒక్కతే కూతురని ఆయన గుడి మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పిన మాటనూ గుర్తు చేయలేదు. సరే చూస్తానన్నాను. చూశాను కూడా.

ఆ ఏడే మా దీవికి ఒక కాపలాదారు కావలసివచ్చాడు. మా దీవి అంటున్నాను, అతిశయం కాదు. ఇక్కడి ఉప్పుటేరులో, మడ చెట్లు దాటిన తరువాత, మనుషులెవరూ ఉండని చిన్న ఇసుక దిబ్బ అది. దాని ఉత్తరపు కొసన నాలుగున్నర వేల ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. గుండ్రంగా, మన ఊరి చర్చి ఆవరణ అంత వెడల్పున, చెక్కిన తెల్ల రాళ్ళను సున్నం లేకుండానే ఒకదానికొకటి అతికినట్టు పేర్చి కట్టారు. లోపల గదులు. ఆ గదులలో వందలమంది. పెట్టెలు లేవు, పేర్లు లేవు. ఒకరి మీద ఒకరిని పెట్టుకుంటూ పోయారు. ఏ తలకు ఏ చేయి తోడో, ఎవరు యజమానో ఎవరు కూలివాడో వేరు చేయలేనంతగా కలిసిపోయారు. చుట్టూ చిన్న చిన్న రాళ్ళ గుట్టలు, అవీ సమాధులే. ప్రతి చలికాలం ఒక విదేశీ ప్రొఫెసరమ్మ గారి బృందం వచ్చి తవ్వుతుంది. ఇక్కడి స్కూలు నుండి విరమించిన నాటి నుండి నేను వారితో జీతం లేకుండా పనిచేస్తున్నాను. జల్లెడ పడతాను, పెంకులు కడిగి వరుస చేస్తాను, వచ్చిన అతిథులకు సమాధి చరిత్ర చెబుతాను. వారు అచ్చు వేయబోయే పుస్తకంలో కృతజ్ఞతలు చెప్పే పుట మీద నా పేరు ఉంటుంది. ఈ వయసులో ఎవరి దయ మీదా ఆధారపడకుండా సంపాదించుకున్న పేరు అది.

ఆ దీవికే నీ భర్తను సిఫారసు చేశాను.

మొదటి రోజు జెట్టీ మీద చూశాను అతణ్ణి. చేతిలో ఒక సంచి, రెండు కాళ్ళకు రెండు రకాల చెప్పులు. చేతులు కట్టుకుని, వదినగారూ బాగున్నారాండి అన్నాడు. నేను బాగున్నానో లేదో అతడికి అనవసరమని చెప్పాను. ఈ దీవి మీద నేను మేడం. మన రెండు ఇళ్ళ మధ్య ఏదో ఉన్నదని ఒక్క ప్రాణికి తెలిసినా అదే అతడికి ఇక్కడ ఆఖరి రోజు. నీకు ఈ దేశంలో ఎవరున్నారని ఎవరడిగినా, ఎవరూ లేరని చెప్పాలి. అన్నిటికీ ఆయ్ అన్నాడు. మన గోదావరి వైపు మనుషులు ఒప్పుకోవడానికీ, ఓడిపోవడానికీ, ఆకలిని దాచుకోవడానికీ వాడే ఆ ఒక్క ఆయ్. నీకిది క్రూరంగా తోచవచ్చు. నేను దానిని క్రమశిక్షణ అంటాను. ఆ క్రమశిక్షణ వల్లనే అతడు దాదాపు మూడేళ్ళు అన్నం తిన్నాడు.

పని బాగా చేశాడు, కాదనను. రేకుల గదిలో ఒక్కడే ఉండేవాడు. జమీర్ రెండు రోజులకొకసారి నీళ్ళూ సరుకులూ తెచ్చేవాడు. ఆ జమీర్ నెల్లూరువాడు, నోరు ఆగదు. ఏంది రాజన్నా, బతికినోళ్ళు పక్కనుంటేనే నిద్ర పట్టదు గదా, ఇంతమంది సచ్చినోళ్ళతో ఎట్టా పండుకుంటావు అని ఎగతాళి చేసేవాడట. మా నాన్న నన్ను సమాధుల మధ్యనే పెంచాడురా, వీళ్ళు గొడవ పెట్టుకోరు, అప్పులడగరు, మంచివాళ్ళు అని ఇతడి జవాబట. ఆ మాట జమీర్ నాకు చెప్పి పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. నలుగురిలో చెప్పుకోదగిన పుట్టుకా అది?

ఈ చలికాలం సమాధి అడుగున ఒక ముసలి స్త్రీ ఎముకలు దొరికాయి. తుంటి ఎముక విరిగి, వంకరగా అతుక్కుని ఉన్నది. ఆమె విరిగిన తరువాత కూడా చాలా ఏళ్ళు బ్రతికినదని, నడవలేదు గనుక ఎవరో ఎత్తుకుని తిప్పి ఉంటారని, నోటికి అందించి ఉంటారని ప్రొఫెసరమ్మ గారు చెప్పారు. అతిథులకు నేనూ అలాగే చెప్పేదాన్ని. ఒకరోజు శాంతరాజు నీళ్ళ బక్కెట్టు దింపుతూ, చెల్లెలో మరిదో చూసుకునుంటారండి అన్నాడు. అతడిని ఎవరడిగారు? చూసుకున్నవాళ్ళ ఎముకల మీద ఆ సంగతి వ్రాసి ఉండదు, నీ పని చూసుకో అన్నాను. ఆయ్ అన్నాడు.

ఫిబ్రవరిలో జరిగినది కూడా అతడు నీకు చెప్పే ఉంటాడు. చెప్పకపోతే నేనే చెబుతాను. పోటు తగ్గినప్పుడు పడవ దీవి దాకా రాదు. చాలా దూరం మోకాటి లోతు నీళ్ళలో, బురదలో నడవాలి. అందరూ చేతులు పట్టుకుని దిగుతారు. నేను ఏనాడూ ఎవరి చేయీ పట్టుకోలేదు. జమీర్ ప్రతిసారీ, యల్లా మేడమా, మీరు దిగేలోపల సముద్రమే ఎండిపోయేటట్టుండాది అంటాడు, అనుకోనీ. ఆ రోజు కాలు జారింది. తుంటి రాయికి కొట్టుకుని బురదలో కూలబడ్డాను. కుర్ర విద్యార్థులు చూస్తూ నిలబడిపోయారు. శాంతరాజు ఒడ్డు నుండి పరుగెత్తుకుని వచ్చాడు. వదినగారూ, మెడ పట్టుకోండి, సిగ్గుపడకండి, మెడ పట్టుకోండి అని గట్టిగా అరుస్తూ నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని ఒడ్డుకు చేర్చాడు. తాను త్రాగడానికి ఉంచుకున్న నీళ్ళతో నా పాదాలకున్న బురద కడిగాడు. అందరి ఎదుట.

ఆ పిలుపుకు అర్థమేమిటని ప్రొఫెసరమ్మ గారు కుతూహలంగా అడిగారు. మా భాషలో పెద్దవారిని గౌరవంగా అలా అంటారని చెప్పాను. జమీర్‌కు తెలుగు వచ్చును గదా, వాడు నా ముఖం వంక చూశాడు. తిరుగు ప్రయాణంలో, ఆ రాజన్న మీకేమైతాడు మేడమా అని మెల్లగా అడిగాడు. ఏమీ కాడు, అందరినీ అలాగే పిలుస్తాడు అన్నాను. ఖలాస్, నాకెందుకులే అని వాడు ఇంజను వేగం పెంచాడు. మరునాడు శాంతరాజును పక్కకు పిలిచి, ఆ పిలుపు ఇంకొకసారి నీ నోట వస్తే పడవ ఎక్కించేస్తానని చెప్పాను. ఎత్తినందుకు కృతజ్ఞతలు చెప్పలేదేమని నీవు అడుగుతావు. నన్ను ఎత్తమని ఎవరు చెప్పారు? నేను లేచేదాన్ని. కొంత సమయం పట్టేది, అంతే.

ఇప్పుడు ఈస్టరు సంగతి.

పండుగకు ముందు రోజు జమీర్ పడవలో నీళ్ళ డబ్బాలతో పాటు సున్నపు బస్తాలు, నీలిమందు, కొవ్వొత్తుల కట్టలు, రెండు దిర్హాముల దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ పువ్వులు వెళ్ళాయి. ఎందుకు రాజన్నా ఇయన్నీ అని వాడు అడిగితే, పండక్కి ఇల్లు బాగుచేసుకోవద్దా అన్నాడట. రేకుల గదికేమో అనుకున్నాడట ఆ మూర్ఖుడు. ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి నేను చీర మార్చుకుంటూ ఉండగా ఫోను. మేడమా, మీ దీవి తెల్లగా ఐపోయిండాది, చేపలోళ్ళందరూ పడవలాపి చూస్తా ఉండారు, మీరు బిన్నా రావల్ల అన్నాడు.

వెళ్ళాను. దూరం నుండే కనిపించింది. నాలుగున్నర వేల ఏళ్ళు ఎండకూ ఉప్పుగాలికీ ముసలిదైన ఆ రాతి వలయం మొత్తం నీలిమందు కలిపిన సున్నంతో తళతళలాడుతున్నది. అడుగున జానెడు ఎత్తు నీలం అంచు. గోడ పొడవునా కొవ్వొత్తులు కరిగి, మైనం రాళ్ళ మీదుగా కారి గడ్డకట్టింది. చుట్టూ ఉన్న చిన్న గుట్టలను సైతం వదలలేదు. ఒక్కొక్కదానికీ ఒక పూత సున్నం, ఒక పువ్వు, ఒక కొవ్వొత్తి. సిలువ గుర్తు మాత్రం ఎక్కడా వేయలేదు. ఎందుకు వేయలేదని తరువాత అడిగితే, వీళ్ళు ఎవరిని నమ్ముకున్నారో నాకు తెలీదు గదండి అన్నాడు.

అబద్ధం చెప్పను. ఆ పచ్చి సున్నపు వాసన తగిలిన మొదటి నిమిషంలో నాకు మన ఊరి సమాధుల తోట కనిపించింది. తెల్లవారుజాము మంచు, అమ్మ చేతిలో కొవ్వొత్తి, అమ్మ చంకలో నిద్ర ముఖంతో నీవు. తాతగారి సమాధి మీద చేయి పెట్టి తెల్లబడిన నీ అరచేతిని నా జడకు రాసి నవ్వావు. అంత పాతది, అంత పనికిరానిది నాకు గుర్తు చేసినందుకు కూడా అతణ్ణి నేను క్షమించలేదు. అతడు సున్నపు చేతులతో ఎదురువచ్చి, పండగ శుభాకాంక్షలు మేడంగారండి అన్నాడు. ముఖం వెలిగిపోతున్నది. మెచ్చుకుంటానని నిలబడ్డాడు, జాయ్స్! తాను చేసినది నేరమని నేను చెప్పేదాకా అతడికి తెలియదు. చెప్పిన తరువాత కూడా, సమాధికి సున్నం వేస్తే నేరమా అండి అని అమాయకంగా అడిగాడు.

శాఖవారికి కబురు, ఈ ఏడు ఇంకా తిరిగి వెళ్ళని ప్రొఫెసరమ్మ గారే పంపారు. నేను పంపలేదు, అవసరం రాలేదు. మరునాడు సోమవారం శాఖ నుండి ఫైజా అనే యువ అధికారిణి, వెంట ఒక పోలీసు వచ్చారు. రంజాను ఉపవాస దినాలు గనుక ఆ అమ్మాయి పెదవులు ఎండి ఉన్నాయి గాని, మాట మెత్తన. గుడారం నీడలో శాంతరాజును ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు చేశావని అడిగింది. అతడు తనకు వచ్చిన హిందీలోనూ తెలుగులోనూ చెబుతుంటే జమీర్ ఆమెకు అరబ్బీలో వినిపించాడు. ఇంతమంది ఉన్నారు, పండగపూట ఒక్కరికీ దీపం పెట్టేవాళ్ళు లేరు, కాపలా ఉన్నవాణ్ణి నేనే గదండి, చీకట్లో ఎలా వదిలేస్తానండి అన్నాడు. ఆ అమ్మాయి దానిని కాగితం మీద వ్రాసుకున్నది. బృందంలో రాళ్ళకు మరమ్మతు చేసే కుర్రవాడు తడి గుడ్డతో ఒక రాతిని తుడిచి చూపించాడు. సున్నం వచ్చేసింది. కొన్ని వారాలు ఓపిక పడితే అంతా పోతుందని, రాయి చెడలేదని చెప్పాడు.

అప్పుడు ఫైజా అడిగింది: నీకు ఇక్కడ నీవాళ్ళెవరైనా ఉన్నారా? నీ ఆచారం ఇది అని చెప్పి, నీకు పూచీపడే బంధువు ఒక్కరున్నా మా పై అధికారి ముదీర్‌తో మాట్లాడి శాఖలోనే ముగిస్తాను, కోర్టు దాకా పోనివ్వను.

నేను మూడు అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. అతడు నా వైపు తల తిప్పలేదు. కోయీ నహీ మేడం అన్నాడు. తనకెవరూ లేరని తన నోటితో తానే చెప్పుకున్నాడు, ప్రమాణం చేసినట్టు, తడబడకుండా. ఇది నా చెవులతో నేను విన్నది. అతడే లేరన్న తరువాత, నేనున్నానని ముందుకు వస్తే, అధికారి ఎదుట అతణ్ణి అబద్ధాలకోరుగా నిలబెట్టినట్టు కాదా? తర్కం నీకు ఎన్నడూ అబ్బలేదు గనుక విడమరచి చెబుతున్నాను.

ఇక నీ ఉత్తరంలోని మిగిలిన మాటలకు వస్తాను. నాన్నగారు పోయినప్పటి నుండి ప్రతి ఈస్టరుకూ ఆయన సమాధికి సున్నం వేసినది శాంతరాజేనని, అతడు గల్ఫుకు వచ్చిన తరువాత ఆ పని నీవు చేస్తున్నావని, నేను ఒక్కసారీ రాలేదని, నా పేరున కూడా ఒక కొవ్వొత్తి మీరే వెలిగిస్తున్నారని వ్రాశావు. ఎవరు వెలిగించమన్నారు? బ్రతికి ఉండగా తన గడప తొక్కనివ్వని మనిషిని, లేచి వద్దని చెప్పలేని స్థితిలో పడుకున్న తరువాత ముట్టుకోవడం ధైర్యమా? దానిని నీవు సేవ అంటున్నావు. నేను దొంగతనం అంటాను. ఇక మీదట నా పేరున ఏదీ వెలిగించవద్దు.

రేపు నీ సమాధికి సున్నం వేసేదెవరక్కా అని కూడా అడిగావు. దెబ్బ బాగా తగలాలని వ్రాసిన వాక్యం. మన ఇద్దరిలో నీకూ నాన్నగారి నాలుక కొంత వచ్చిందన్నమాట. విను. ఇక్కడ గోడ కట్టిన క్రైస్తవ శ్మశానం ఉన్నది. ఏ ఏర్పాట్లు జరగాలో కాగితం మీద వ్రాసి చర్చివారికి ఇచ్చాను. ఒక సంఖ్య ఉంటుంది, చాలు. సున్నం అక్కరలేదు. ఇక్కడి గాలి వారం తిరిగేసరికి ఏ రంగునైనా ఇసుక రంగుకు తెస్తుంది.

మిగిలిన సంగతులు. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. పై అంతస్తులో కల్పన అని ఒక నర్సు ఉన్నది, మన వైపు పిల్లే. తిన్నారా ఆంటీ అంటూ సాయంత్రం పూట తలుపు తడుతుంది. నేను రేడియో పెంచుతాను, వెళ్ళిపోతుంది. తుంటికి శస్త్రచికిత్స చేయించుకోమని, ఆ తరువాత నెలల తరబడి పక్కన ఒక మనిషి ఉండాలని డాక్టరు చెప్పాడు. చేయించుకోను. నిన్ననే పుస్తకం అచ్చు ప్రతి పంపించారు. కృతజ్ఞతల పుట మీద నా పేరు రెండవ వరుసలో ఉన్నది, డిగ్రీతో సహా. ఒక అక్షరమూ పొల్లుపోలేదు. కాపలాదారు పేరు కూడా మొదట చేర్చారట, ఇప్పుడు తీసివేశారు.

కనుక నా జవాబు ఇది: ఆ కార్యాలయానికి నేను వెళ్ళను. నీవు ఎన్నుకున్న మనిషి చేసిన పనికి ఫలితం నీవూ అతడూ కలిసి అనుభవించండి. అది కూడా దాంపత్యంలో భాగమే. అతడి కోసం ప్రార్థన చేయమన్నావు. చేస్తాను. ప్రార్థనకు బంధుత్వం అవసరం లేదు.

ఇట్లు,
ప్రభువునందు నిద్రించిన ఐజక్ మాస్టారి ఏకైక కుమార్తె,
దయాకుమారి, ఎం.ఏ.

తా.క.: కవరు అంటించిన తరువాత మళ్ళీ చింపి ఇది వ్రాస్తున్నాను. సగం చెప్పి ఊరుకోవడం మన నాన్నగారికి, నా నాన్నగారికి, నచ్చేది కాదు.

ఇంకా సమయం ఉన్నదని నీవు అనుకుంటున్నావు. లేదు. నీవు అడిగిన ఆ ఒక్క మాటను నీకంటే ముందు ఫైజాయే నన్ను అడిగింది. శాంతరాజు ఎవరూ లేరన్న తరువాత ఆ అమ్మాయి కాగితాలు మూయలేదు. నా వైపు తిరిగి, ఇంగ్లీషులో, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగింది. ఫిబ్రవరిలో మీరు పడినప్పుడు ఇతడు మిమ్మల్ని ఎలా ఎత్తుకున్నాడో ప్రొఫెసరమ్మ గారు నాకు చెప్పారు, పరాయివాళ్ళను ఎవరూ అలా ఎత్తుకోరు, ఇతడు మీకు ఏమవుతాడు మేడం అన్నది. ఆ అమ్మాయికి తెలుసు. తెలిసే, నాకు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. అవునని నేను తల ఊపి ఉన్నా చాలేది.

ఏమీ కాడు, కాపలాదారు అన్నాను.

తనకు ఎవరూ లేరని అతడు చెప్పినది, జెట్టీ మీద నేను నేర్పిన పాఠమే. నా మాట అతడు నిలబెట్టాడు. నేను కూడా నిలబెట్టాను. ఫైలు రంజాను పండుగ సెలవులు ముగిసిన మరునాడే కోర్టుకు వెళ్ళిందని ఫైజా ఫోను చేసి చెప్పింది. ఇప్పుడు నేను వెళ్ళి ఏమి చెప్పినా, మొదట ఎందుకు చెప్పలేదన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఆ సోమవారం అందరం ఒకే పడవలో తిరిగివచ్చాము. పోటు తీసి ఉన్నది గనుక ఇటు ఒడ్డున కూడా నీళ్ళలోనే దిగవలసివచ్చింది. అందరికంటే ముందు నేను లేచి, పడవ అంచు దాటి కాలు నీళ్ళలో పెట్టాను. పోలీసు పక్కన కూర్చుని ఉన్న శాంతరాజు, అలవాటు చొప్పున, రెండు చేతులూ చాచి సగం లేచాడు. చేతుల మీద సున్నం ఇంకా ఉన్నది. పోలీసు అతడి భుజం పట్టి కూర్చోబెట్టాడు.

నేను వెనక్కు చూడలేదు. ఎవరి చేయీ పట్టుకోకుండానే ఒడ్డెక్కాను.